నిజం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

డిమెన్షియా ఉన్న మనిషికి అబద్ధం చెప్పవచ్చా? వైద్యనీతి పుస్తకాల్లో ఇది పాత ప్రశ్నే. భర్త పోయి పదేళ్లయిన ఒక పెద్దావిడ రోజూ పొద్దుగూకే వేళకి గుమ్మం వైపు చూస్తూ "ఆయనింకా రాలేదేం?" అని అడుగుతుంది. పోయారని చెబితే అది ఆమెకి ఆ రోజే జరిగిన చావు. తొలిసారి విన్నట్టే విని ఏడుస్తుంది. గంట గడిచాక ఎందుకు ఏడ్చిందో గుర్తుండదు గానీ దిగులు మాత్రం మిగిలి ఉంటుంది. "వస్తారులెండి, దారిలో ఉన్నారు" అంటే కుదుటపడి అన్నం తింటుంది. ఏది న్యాయం?

తత్వవేత్తలు దీనికి జవాబులు చెప్పే ఉన్నారు. చంపడానికి వచ్చినవాడు స్నేహితుడి ఆచూకీ అడిగినా అబద్ధం ఆడకూడదని కాంట్ 1797లో వాదించాడు. మన శుక్రాచార్యుడు దానికి సరిగ్గా ఎదురు. భాగవతంలో వామనుడికి దానమివ్వబోతున్న బలి చక్రవర్తికి, ఏయే సందర్భాల్లో బొంకినా పాపం అంటదో వరసగా చెబుతాడు. ఆ వరసలో మొదటిది ఆడవాళ్ల విషయం! ఇద్దరూ చెరో కొసన ఉన్నట్టు కనిపిస్తారు కానీ ఒక సంగతిలో ఒకటే. ఇద్దరి ఊహలోనూ నిజమో అబద్ధమో తేల్చుకుంటున్నవాడు స్వతంత్రుడైన మగవాడు. ఒకడు తన ఇంటి గుమ్మంలో నిలబడ్డ గృహస్థు, ఇంకొకడు సింహాసనం మీద ఉన్న రాజు. గంటకింత అని కూలి తీసుకుంటూ, అవతల ఇంకా పదిమంది పిలుస్తుంటే, ఆ నిమిషంలో ఏదో ఒకటి చెప్పాల్సిన ఆడమనిషి వాళ్ల లెక్కలో లేదు.

నేను తెలుగు కథల్లో వృద్ధ స్త్రీల మీద పరిశోధన చేశాను. మతిమరుపు నాకు కథల్లో ఎదురైన విషయం. దాన్ని నీతి ప్రశ్నగా నా ముందుకు తెచ్చింది 2020లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఫోన్లు. యూనివర్సిటీ హాస్టల్లో నాకు జూనియర్ ఒకమ్మాయి, తెలుగు ఎమ్మే చదివింది. భర్త ఎమ్మెస్సీ చదువుకని వెళితే డిపెండెంట్ వీసా మీద తనూ వెళ్లి, మిడ్‌లాండ్స్ ప్రాంతంలో ఒక కేర్ హోమ్‌లో కేర్ అసిస్టెంట్‌గా చేరింది. ముసలివాళ్లకి స్నానాలు చేయించడం, డయపర్లు మార్చడం, అన్నం తినిపించడం, రాత్రులు లేచి తిరిగేవాళ్లని తిరిగి పక్కమీదికి చేర్చడం ఆ పని. నైట్ డ్యూటీ నుంచి ఇంటికి నడుస్తూ నాకు ఫోన్ చేసేది. మనకప్పుడు మధ్యాహ్నం.

ఆ హోమ్‌లో ఎనభై దాటిన రిటైర్డ్ టీచర్ ఒకావిడ ఉండేది. ప్రతి బుధవారం కూతురు వచ్చి జడలాంటిదేదో అల్లి, గోళ్లు కత్తిరించి, టీ తాగించి వెళ్లేది. ఏ రోజైనా సరే సాయంత్రమయ్యేసరికి ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని తలుపు దగ్గర నిలబడేది. "రేపొస్తుంది మీ అమ్మాయి" అంటే వెళ్లి కూచునేది. రేపు కాకపోయినా బుధవారం ఎలాగూ వస్తుంది. ఆ మాటని అబద్ధమని మా జూనియర్ ఎప్పుడూ అనుకోలేదు.

2020 మార్చిలో రాకపోకలు ఆగిపోయాయి. కూతురు కిటికీ అవతల తోటలో నిలబడి చెయ్యి ఊపేది. అద్దంలోంచి అరుస్తున్న ఆ మనిషెవరో తెలియక ఆవిడ భయపడేది. సాయంత్రం మళ్లీ హ్యాండ్‌బ్యాగూ, తలుపూ. "రేపొస్తుంది." ఏప్రిల్ గడిచింది, మే గడిచింది. మా జూనియర్ ఒకరోజు అడిగింది: "అక్కా, ఇదివరకు ఇదే మాట చెబితే ఏమీ అనిపించేది కాదు. ఇప్పుడు గొంతుకి అడ్డం పడుతోంది. మాట అదేగా, ఎందుకిట్లా?"

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు పట్టుకుంది. పుస్తకాల్లో ప్రశ్న ఎప్పుడూ చనిపోయినవాళ్ల గురించే. పోయిన భర్త, పోయిన తల్లి. ఆ అబద్ధాన్ని తయారుచేసింది జబ్బు. 2020లో ప్రశ్న బతికున్న కూతురి గురించి. ఊళ్లోనే ఉంది, రావాలని ఉంది, తల్లీ రమ్మంటోంది. అయినా "రేపొస్తుంది" అన్నమాట అబద్ధమైంది. ఆ అబద్ధాన్ని తయారుచేసింది జబ్బు కాదు, ఆజ్ఞ. చెప్పే పని మాత్రం మా జూనియర్‌ది.

డిమెన్షియా సంరక్షణ గురించి ఆలోచించేవాళ్లు టామ్ కిట్‌వుడ్‌ని తలుచుకోకుండా ముందుకు పోలేరు. బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఈ మనస్తత్వవేత్త 1997లో 'డిమెన్షియా రీకన్సిడర్డ్' రాశాడు. మనిషితనం మెదడులో దాచుకున్న సొత్తు కాదు, చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చి నిలబెట్టే హోదా అన్నాడు. జ్ఞాపకం పోతే మనిషి పోడు, చుట్టుపక్కలవాళ్లు మనిషిగా చూడటం మానేస్తే పోతాడు. అలా మనిషిని మనిషి కాకుండా చేసే వ్యవహారాలకి ఒక పట్టిక వేశాడు. తొందరపెట్టడం, ఉన్నా లేనట్టే చూడటం, అందరి నుంచీ వెలివేయడం ఆ పట్టికలోవే. వాటితోపాటు మోసం కూడా ఉంది. అంటే మాయమాట చెప్పి దారికి తెచ్చుకోవడం.

మరి హోముల్లో పనిచేసేవాళ్లు అబద్ధం చెప్పరా? ఇంగ్లండ్‌లో 2006లో అచ్చయిన ఒక అధ్యయనంలో సిబ్బందిని ఇదే అడిగితే ఇంచుమించు అందరూ చెబుతామనే అన్నారు. ఎక్కువగా రోగి బాధ తగ్గించడానికే అన్నారు. అమెరికాలో నవోమీ ఫైల్ వేరే దారి చూపింది. నిజంతో కొట్టొద్దు, అబద్ధంతో జోకొట్టొద్దు, ఆ మనిషి ఏ భావంలో ఉందో అందులోకి వెళ్లమంది. "ఆయనింకా రాలేదేం?" అంటే "ఆయన కోసం ఎదురుచూస్తున్నారా? ఆయన ఎలా ఉండేవారు? మీకు ఎక్కడ పరిచయం?" అని అడగాలి. ఆవిడ చెబుతూ ఉంటే వినాలి. చాలాసార్లు తనే మాటల మధ్యలో "ఆయన లేరుగా" అంటుంది. ఆ మాట ఆమె నోటి నుంచి, పక్కన ఒకరి చెయ్యి పట్టుకుని ఉండగా వస్తుంది.

ఈ మూడో దారి నాకు చాలా నచ్చి మా జూనియర్‌కి చెప్పాను. ఆమె నవ్వింది. "బానే ఉందక్కా. దానికి అరగంట పడుతుంది. రాత్రి ఒక్క ఫ్లోరుకి ఇద్దరమే ఉంటాం. ఒక రూములో బెల్లు, ఒక రూములో పడిపోయినవాళ్లు. 'రేపొస్తుంది' అనడానికి పది సెకన్లు."

నేను చదివిన నీతిశాస్త్రంలో ఎక్కడా లేని ముక్క ఇది. నిజానికి టైము పడుతుంది. ఒకరి దుఃఖం పక్కన కూచోవాలంటే అరగంట కావాలి. ఆ అరగంటకి కూలి ఎవరో కట్టాలి. మనం సత్యాన్ని వ్యక్తి శీలంగా, గుణంగా చూడటానికి అలవాటుపడ్డాం. కానీ సంరక్షణ పనిలో సత్యం మొదట మనుషుల సంఖ్యకీ షిఫ్టు గంటలకీ సంబంధించిన విషయం. ఎంతమందికి ఒక మనిషిని పెట్టారన్నదే ఆ గదిలో ఎంత నిజం పలుకుతుందో నిర్ణయిస్తుంది.

2020లో ఆ టైముకి ఏమైందో చూడండి. పీపీఈ వేసుకోవడం, తీయడం, ఎవరి గదిలో వాళ్లకి వేరువేరుగా భోజనం, కదలకుండా ఉండలేనివాళ్లని గదుల్లో ఉంచడం, జబ్బుపడ్డ సహోద్యోగుల షిఫ్టులు కూడా మోయడం... పని రెట్టింపై మనుషులు సగమయ్యారు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. మాట అర్థం కాని దశలో ఉన్నవాళ్లు ముఖాన్ని చదువుతారు. చిరునవ్వు, కళ్లు, చెయ్యి వేసే తీరు వాళ్ల భాష. మాస్కు ఆ భాషలో సగం తీసుకుపోయింది. తినిపించడానికి వచ్చినవాళ్లని చూసి కొందరు పెద్దవాళ్లు జడుసుకునేవారట. మా జూనియర్ గుమ్మం అవతల ఆరడుగుల దూరంలో నిలబడి ఒక్క క్షణం మాస్కు దించి ముఖం చూపించి, మళ్లీ వేసుకుని లోపలికి వెళ్లేది. అది నిబంధనకి విరుద్ధం. ఎవరన్నా చూసి ఉంటే ఉద్యోగం పోయేదే. అది తప్పా? ఆమె వల్ల ఎవరికైనా సోకే ప్రమాదం ఎంతో కొంత ఉంది. తను లోపలికి వస్తున్న మనిషినేనని, భూతాన్ని కాదని చెప్పే నిజమూ అందులో ఉంది. ఈ రెంటినీ తూచమని ఆ గుమ్మంలో ఆమెని ఒంటరిగా వదిలేశారు.

ఇప్పుడు పైవాళ్లు ఏ నిజం చెప్పారో కూడా చూద్దాం. 2020 ఫిబ్రవరి 25 నాటి ఇంగ్లండ్ ప్రభుత్వ మార్గదర్శకాలు కేర్ హోముల్లో ఎవరికైనా వైరస్ సోకే అవకాశం చాలా తక్కువన్నాయి. మార్చి 13న వాటిని వెనక్కి తీసుకున్నారు. మార్చి 17న ఆస్పత్రులకి, వీలైనంతమందిని పంపించి పడకలు ఖాళీ చెయ్యమని ఆదేశం వెళ్లింది. అప్పటినుంచి ఏప్రిల్ 15 దాకా సుమారు 25,000 మందిని ఆస్పత్రుల నుంచి కేర్ హోములకి పంపారు. పంపేముందు అందరికీ పరీక్ష చెయ్యాలన్న నియమం ఏప్రిల్ 15కి గానీ రాలేదు. ఆ తొలి నెలల్లో కోవిడ్‌తో పోయిన కేర్ హోమ్ నివాసుల్లో ఇంచుమించు సగం మందికి అప్పటికే ఉన్న ప్రధాన జబ్బు డిమెన్షియా. మే 15న ఆరోగ్యశాఖ మంత్రి మ్యాట్ హాన్‌కాక్, మొదటినుంచీ కేర్ హోముల చుట్టూ రక్షణ వలయం వెయ్యడానికి ప్రయత్నించామని ప్రకటించాడు.

తండ్రులను పోగొట్టుకున్న ఇద్దరు స్త్రీలు, క్యాథీ గార్డ్‌నర్, ఫే హారిస్, కోర్టుకెక్కారు. 2022 ఏప్రిల్ 27న హైకోర్టు తీర్పు వచ్చింది. లక్షణాలు కనిపించనివారి నుంచి కూడా సోకవచ్చన్న ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకోకుండా రోగులను హోములకి పంపిన ఆ విధానం చట్టవిరుద్ధమని తేల్చింది. 2025 వేసవిలో ఆ దేశపు కోవిడ్ విచారణ సంఘం కేర్ హోముల మీద ప్రత్యేకంగా సాక్ష్యాలు వింది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదవాలనిపిస్తుంది నాకు. "రేపొస్తుంది" అన్న మాటకి నీతి చర్చ ఉంది, అధ్యయనాలున్నాయి, మార్గదర్శకాలున్నాయి, శిక్షణ తరగతులున్నాయి. "రక్షణ వలయం" అన్న మాట రాజకీయ వివాదమైంది, అంతే. గదిలో ఒక ముసలావిడని నిద్రపుచ్చడానికి ఆడిన మాట నైతిక సమస్య, దేశాన్ని నిద్రపుచ్చడానికి ఆడిన మాట విధాన వైఫల్యం! నీతి ఎప్పుడూ కింది మెట్టు మీదివాళ్లనే నిలదీస్తుంది. సంరక్షణ అవసరం అందరిదీ అయినా, ఆ పని నుంచీ దాని బాధ్యత నుంచీ తప్పించుకోగల సౌకర్యం కొందరికే ఉంటుందని జోన్ ట్రోంటో 1993లోనే రాసింది. ఆ సౌకర్యం చాకిరీ నుంచి మాత్రమే కాదు, అబద్ధం చెప్పాల్సిన అవసరం నుంచి కూడా.

కింది మెట్టు మీదివాళ్లు నిజం చెబితే ఏమవుతుంది? 2020లో ఇంగ్లండ్ సంరక్షణ రంగంలో పనిచేసేవాళ్లలో 80 శాతానికి పైగా ఆడవాళ్లు. సుమారు నాలుగోవంతు మందివి, వారానికి ఇన్ని గంటల పని ఇస్తామన్న హామీయే లేని ఒప్పందాలు. 2020 ఏప్రిల్ నాటికి 25 దాటినవాళ్లకి చట్టం నిర్ణయించిన కనీస వేతనం గంటకి 8.72 పౌండ్లు. జబ్బు పడితే చట్టప్రకారం దొరికేది వారానికి 95.85 పౌండ్లు, అదీ అర్హత ఉన్నవాళ్లకి. "నాకు జ్వరంగా ఉంది" అన్న ఒక్క నిజానికి ఇంటద్దె అంత ఖరీదు. ఆ వేసవిలో అక్కడి జాతీయ గణాంక సంస్థ 'వివాల్డి' అనే అధ్యయనంలో ఒక విషయం బయటపెట్టింది. సిబ్బందికి జబ్బు రోజుల జీతం ఇచ్చిన హోముల్లో వ్యాధి తక్కువగా ఉంది. నిజం చెప్పినందుకు శిక్ష లేనిచోట మనుషులు నిజం చెప్పారు, ముసలివాళ్లు బతికారు. సత్యం గురించి ఇంతకన్నా గట్టి వాదన నేను ఏ తత్వశాస్త్ర గ్రంథంలోనూ చదవలేదు.

మనకి సత్యం అనగానే హరిశ్చంద్రుడు. చిన్నప్పటినుంచీ ఆయన సత్యవ్రతం గురించి వింటూనే ఉన్నాం. ఆ సత్యానికి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? అమ్ముడుపోయింది చంద్రమతి. పరాయి ఇంట్లో దాసిగా చాకిరీ చేసింది చంద్రమతి. కొడుకు శవాన్ని శ్మశానానికి మోసుకొచ్చింది చంద్రమతి. కీర్తి మాత్రం ఆయనకి. ఆ కథలో చంద్రమతి నిజం చెప్పిందా అబద్ధం చెప్పిందా అని ఎవరూ అడగరు. ఆమె సత్యానికి పెట్టుబడి. ఈనాటి కేర్ హోముల్లో చంద్రమతులనే నిలబెట్టి, హరిశ్చంద్రుడంత సత్యం పలకమంటున్నాం.

చంద్రమతులకి ఇంకో అబద్ధం కూడా ఉంటుంది. మా జూనియర్ తను చేసే పనేమిటో గుంటూరు దగ్గర ఉన్న అత్తగారింట్లో చెప్పలేదు. "హాస్పిటల్లో జాబ్" అంటుంది. అక్కడి సహోద్యోగులకి గర్వంగా చెప్పుకునే పని, ఇక్కడ నోరెత్తితే పరువు పోయే పని. ముసలివాళ్ల మలమూత్రాలు ఎత్తడం మన దగ్గర ఏ కులాలవాళ్లకి అప్పగించిన పనో మనకి తెలుసు. ఆ పనిని అంటరానిదిగా చేసినవాళ్ల పిల్లలే వీసా కోసం అదే పనికి వెళ్లి దాని పేరు మారుస్తున్నారు. ఇంగ్లండ్ 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకి వీసా తలుపు తెరిచింది, 2024 మార్చిలో వాళ్ల కుటుంబాలను రానివ్వనంది, 2025 జూలైలో కొత్తవాళ్లకి ఆ తలుపే మూసేసింది. మన పెద్దవాళ్లని తోడుకోమంది గానీ, నీ పిల్లలని తెచ్చుకోకు అంది. ఆ మధ్యకాలంలో ఎంతమంది మనవాళ్లు వీడియో కాల్లో యూనిఫాం కనపడకుండా ఫోను పైకెత్తి మాట్లాడి ఉంటారో!

ఇదంతా ఎక్కడో చలిదేశపు గొడవ అని అనుకోవడానికి లేదు. 2023లో వెలువడిన ఒక అంచనా ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మనకి కేర్ హోములు తక్కువ. ఆ పని కోడళ్లదీ కూతుళ్లదీ, స్తోమత ఉంటే ఏజెన్సీ పంపే అటెండెంట్‌దీ. హైదరాబాద్‌లో నేనుండే అపార్ట్‌మెంట్ల సముదాయంలో 2020 మార్చిలో అటెండెంట్లకి ఒకటే షరతు పెట్టారు: లోపలే ఉండిపోవాలి, లేదా రాకూడదు. మూడో అంతస్తులో ఒక పెద్దాయన్ని చూసుకునే ఆమె ఉండిపోయింది. నల్గొండ వైపు ఊళ్లో ఇద్దరు పిల్లలు. అమెరికాలో ఉన్న కొడుకు కోసం పెద్దాయన అడిగినప్పుడల్లా "ఫ్లైట్ ఎక్కిండు తాతా, పొద్దుగాల వస్తడు" అనేది. ఆ రోజుల్లో విదేశీ విమానాలే లేవు. రాత్రి తన పిల్లలతో ఫోన్లో "రేపొస్త బిడ్డా" అనేది. రెండు నెలలు దాటాక వెళ్లగలిగింది. ఆ ఇంటివాళ్లు అందరితో "మా ఇంటి మనిషే" అంటారు. ఇంటి మనిషికి ఆ రెండు నెలల్లో ఒక్క సెలవు లేదు, రాత్రి పనికి అదనంగా రూపాయి లేదు. ఆ మాటని ఏ పట్టికలో రాద్దాం? తల్లిదండ్రులను చూడని పిల్లలని నిలదీయడానికి మనకి 2007 చట్టం ఉంది. చూస్తున్న ఈమె పని గంటల గురించి అందులో ఒక్క మాట లేదు.

ఇదంతా చెప్పి, అయితే అబద్ధం తప్పేం కాదంటావా అని అడుగుతారు. అనను. రోగి భయం తీర్చడానికి చెప్పే మాటా, మందు మింగించి త్వరగా పడుకోబెట్టడానికి చెప్పే మాటా ఒకటి కావు. రెండోది కిట్‌వుడ్ చెప్పిన మోసమే. మతి చెదిరిన మనిషికి నిజం తెలుసుకునే హక్కు పోదు. ఎంత గుర్తుంటుందన్న దాన్ని బట్టి హక్కు కొలిస్తే మనలో ఎవరికీ మిగలదు. కానీ ఆ రెండు మాటల మధ్య గీత ఎక్కడుందో తెలిసేది ఆ గదిలో ఉన్న మనిషికే. ఆ గీత చూసుకునేంత వ్యవధి ఆమెకి లేకుండా చేసి, గీత దాటావని మనం అనకూడదు. సంరక్షించే మనిషిని సంరక్షించడం సమాజం మీద ఉన్న బాకీ అని ఈవా కిట్టే 1999లో వాదించింది. ఆ బాకీలో జీతం, సెలవు, తోడు మనిషి ఉన్నట్టే, నిజం చెప్పడానికి పట్టే అరగంట కూడా ఉంది. అది దయ కాదు, పని పరిస్థితి.

ఇంగ్లండ్ 2021లో కేర్ హోములకి మళ్లీ రాకపోకలు మొదలుపెట్టినప్పుడు, పేరు నమోదు చేసుకున్న ఒక్క మనిషి వచ్చి లోపలివారి చెయ్యి పట్టుకోవచ్చని నియమంలో రాశారు. అది మొదలైన రోజు మార్చి 8. కాకతాళీయమే కావచ్చు. చెయ్యి పట్టుకోవడానికి అనుమతి రాసిన ప్రభుత్వం, ఏడాదిపాటు కూతుళ్లందరి బదులూ ఆ చేతులు పట్టుకున్న ఆడవాళ్ల గురించి ఆ నియమంలో ఏమీ రాయలేదు.

రాయాల్సింది మనం కూడా. నేను చదివిన కథల్లో మంచంపట్టిన అత్తగారున్నారు, విసుక్కునే కోడలుంది, అమెరికాలో పశ్చాత్తాపపడే కొడుకున్నాడు. అటెండెంట్ తలుపు తీస్తుంది, గ్లాసు అందిస్తుంది, ఒక్కోసారి దొంగతనం నింద మోస్తుంది, వెళ్లిపోతుంది. రాత్రి రెండింటికి ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో మన సాహిత్యానికి తెలియదు. ఆమెకి తెలుసు. ఏ మాటకి ఆ పెద్దాయన ఊరుకున్నాడో, ఏ మాట చెప్పలేక తను గొంతు దిగమింగుకుందో ఆమెకి తెలుసు. అడగాలి. అడిగే ముందు ఆమె చెప్పడానికి తీరికుందో లేదో, ఆ తీరిక కోసం ఆ సాయంత్రం ఆమె బదులు పెద్దాయన దగ్గర ఎవరు కూచుంటారో తేల్చుకుని అడగాలి.